అక్షరానికి గండి ఎందుకు? స్టెన్సిల్ ఫాంట్ కథ

గూడ్స్ వ్యాగన్ల మీద, గోనె బస్తాల మీద మధ్యమధ్యలో తెగినట్టుండే ఇంగ్లిష్ అక్షరాలు మీరు చూసే ఉంటారు. అవే అక్షరాలు పోస్టర్ మీదకో, టీషర్ట్ మీదకో వస్తే స్టైల్ అయిపోతాయి. ఇదెలా జరిగిందో ఈ ఎపిసోడ్‌లో చెప్తాను.

ముందు ఆ గండి సంగతి. రేకులోనో, అట్టలోనో అక్షరం ఆకారం కత్తిరించి, పెట్టె మీద ఆనించి రంగు కొడితే అక్షరం పడుతుంది. అదే స్టెన్సిల్. కానీ ఇంగ్లిష్ ‘ఓ’ అక్షరాన్ని పూర్తిగా కత్తిరిస్తే లోపలి ముక్క ఊడిపోతుంది కదా! అది ఊడకుండా అక్కడక్కడ సన్నటి పట్టీ వదిలేస్తారు. దాని పేరు బ్రిడ్జ్. రంగు కొట్టాక అదే గండిలా కనిపిస్తుంది. అంటే ఆ గండి అవసరం కోసం పుట్టింది, అందం కోసం కాదు.

1911లో ఫ్రెంచ్ చిత్రకారుడు జార్జ్ బ్రాక్ ‘ద పోర్చుగీస్’ అనే పెయింటింగ్‌లో స్టెన్సిల్ అక్షరాలు వేశాడు. సరుకు పెట్టెల మీది అక్షరం కళలోకి వచ్చేసింది! 1929లో జర్మన్ డిజైనర్ పాల్ రెన్నర్ ‘ఫ్యూచురా బ్లాక్’ చేశాడు. లావుపాటి ముక్కలు, మధ్యలో సన్నటి ఖాళీలు. చూస్తే పిల్లలు చెక్క ముక్కలతో పేర్చిన అక్షరాల్లా ఉంటాయి. 1937లో అమెరికాలో గెర్రీ పావెల్ ఒకటి, హంటర్ మిడిల్‌టన్ ఇంకొకటి, ఇద్దరూ ‘స్టెన్సిల్’ అనే పేరుతోనే వేర్వేరు కంపెనీలకు టైప్‌ఫేస్‌లు గీశారు.

ఇక్కడే నాకు బాగా నచ్చే విషయం ఉంది. ఇవి సీసంతో పోత పోసిన అచ్చు అక్షరాలు. వాటిలో ఊడిపోయే ముక్కే లేదు! అయినా గండి ఉంచారు. అవసరం పోయింది, వేషం మిగిలింది. అందుకే ఈ అక్షరాలు సీరియస్‌గా కనిపిస్తూనే ఆటపట్టిస్తాయి. 1972లో మొదలైన ‘మ్యాష్’ అనే అమెరికన్ టీవీ కామెడీ కథ సైనిక ఆసుపత్రిలో నడుస్తుంది. దాని టైటిల్ కూడా ఈ తరహా అక్షరాల్లోనే ఉంటుంది.

మరి మనం ఎక్కడ వాడాలి? టైటిల్‌కి, పోస్టర్‌కి, థంబ్‌నెయిల్‌కి బాగుంటుంది. ఫోన్‌లో చదివే చిన్న అక్షరాలకి మాత్రం వద్దు. ఆ సైజులో ఖాళీలు పూడుకుపోయి అంతా మసకగా కనిపిస్తుంది.

తెలుగులో స్టెన్సిల్ గీయాలనుకునేవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. మన ‘వ’కి ఎడమవైపు మూసుకున్న సున్న ఉంటుంది, ‘ప’కి ఉండదు. ఆ సున్న పైన పెద్ద గండి పెట్టారనుకోండి, ‘వాడు’ కాస్తా ‘పాడు’ అయిపోతాడు! ఇంగ్లిష్ ఫాంట్‌లో గండి ఉన్నచోటే మనకీ పెడితే కుదరదు. ఏ అక్షరాన్ని ఎక్కడ తెంపితే అది ఇంకా అదే అక్షరంలా ఉంటుందో మన లిపిని చూసే తేల్చుకోవాలి.

మీ పేరులో ఏ అక్షరానికి ఎక్కడ బ్రిడ్జ్ పెడతారు? కాగితం మీద గీసి, కత్తిరించి చూడండి. ముక్క ఊడిపోయిందా, నిలిచిందా కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం!