పాకాల బండి

ధర్మవరం అనగానే మీకందరికీ పట్టుచీర గుర్తుకొస్తుంది. నాకు మాత్రం రైలుబండి గుర్తుకొస్తుంది. నవ్వకండి. మా పిన్ని ధర్మవరంలో ఉండేది. వేసవి సెలవుల్లో పిల్లలందర్నీ పోగేసి పాకాల బండిలో తిరపతి తీసుకెళ్ళేది. ముదిగుబ్బ, కదిరి, ములకలచెరువు, మదనపల్లె రోడ్డు, పీలేరు... ఆగిన ప్రతిచోటా ఆవిడకి తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు ఎక్కాల్సిందే! "ఇది బండి కాదే, మన వీధే" అనేది.

ఆ వీధి వెనక పెద్ద కథే ఉంది. 1876-78ల ధాత కరువు గురించి మన ముత్తవ్వలు చెప్పే ఉంటారు. ఆ కరువులో రాయలసీమ ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. వేరేచోట గింజలున్నా, తేవడానికి ఎడ్లబండ్లే దిక్కు. గడ్డీ నీళ్ళూ లేక ఆ ఎడ్లే చచ్చిపోతుంటే ఇంక తెచ్చేదెవరు? అందుకని 1880 నాటి కరువు కమిషను రైలు దారులు పెంచమంది. 1890ల మొదట్లో సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీ వాళ్ళ మీటర్ గేజి పాకాల మీదుగా ధర్మవరం చేరింది. దొరల దయ అని నేననను. అదే కరువు రోజుల్లో మన దేశపు గోధుమలు ఓడలెక్కి ఇంగ్లండు వెళ్ళాయి. గింజలు తెచ్చే పట్టాలే గింజలు తీసుకుపోతాయి కూడా.

బెంగుళూరు దారి పెద్ద పట్టాలకి ముందే మారింది. పాకాల దారి మాత్రం చాలా ఏళ్ళు మీటరు వెడల్పులోనే ఉండిపోయింది. చివరికి ఆ 227 కిలోమీటర్లనీ అయిదడుగుల ఆరంగుళాల బ్రాడ్ గేజికి మార్చడానికి బళ్ళు ఆపేశారు. మంచి పనే, కాదనను. కానీ సీజన్ పాసు పెట్టుకుని రోజూ ముదిగుబ్బ బడికి వెళ్ళే పక్కింటి టీచరమ్మ బస్సులో నిలబడి నిలబడి కాళ్ళు వాచి ఇంటికొచ్చేది. చీరల మూట నెత్తిన పెట్టుకుని కదిరి వెళ్ళే ముసలాయన వ్యాపారమే మానుకున్నాడు. మూటకీ ఛార్జీ, మనిషికీ ఛార్జీ ఇస్తే ఇంక మిగిలేదేముంది?

2010లో దారి మళ్ళీ తెరిచారు. పేపర్లో ఎక్స్‌ప్రెస్సుల సంగతి చదివి అందరూ మురిసిపోతుంటే పిన్ని ఒక్కటే అడిగింది: "ప్యాసింజరు ఎన్ని గంటలకే? పొద్దున బడివేళకి అందుతుందా?" నాకు చప్పున జవాబు తోచలేదు. దూరపు ఊళ్ళు కలిపితే చాలనుకుంటాం గానీ, పదిమైళ్ళ అవతల పనిచేసి పొద్దుగూకేలోపు ఇల్లు చేరి పొయ్యి వెలిగించాల్సిన ఆడమనిషికి కావలసింది ఆ చిన్న బండే కదా.

ఆ యేడే పిన్నీ నేనూ తిరపతి బయల్దేరాం. పెట్టె కొత్తది, కుదుపు తక్కువ. ముదిగుబ్బలో తెలిసినవాళ్ళెవరూ ఎక్కలేదు. పిన్ని మొహం చిన్నబోయింది. కదిరిలో ఒకావిడ పూలబుట్టతో ఎక్కి, మా ఎదురుగా కూచుని, నరసింహస్వామి కుంకం పొట్లం విప్పి పిన్నికి బొట్టు పెట్టింది.

"ఏ వూరమ్మా మీది?" అంటూ పిన్ని కాళ్ళు పైకి మడుచుకుని సర్దుక్కూచుంది. ఇంక పీలేరు దాకా నన్ను పలకరిస్తే ఒట్టు!