ఐదు తీగల స్నేహం

1983లో బెర్లిన్ నగరం ఇంకా రెండు ముక్కలుగానే ఉంది, మధ్యలో గోడతో. ఆ గోడకు పడమటి పక్కన జరిగే జాజ్ ఉత్సవానికి ఆ ఏడు ఒక పద్నాలుగేళ్ళ తెలుగు పిల్లవాడు వెళ్ళాడు. జాజ్ అనగానే మనకు గుర్తొచ్చేవి ట్రంపెట్లూ, సాక్సఫోన్లూ, డ్రమ్ములూను. అలాంటి చోట ఈ అబ్బాయి చక్కగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, బొమ్మలాంటి చిన్న వాద్యం ఒళ్ళో పెట్టుకుని కర్ణాటక సంగీతం వాయించాడు. విన్నవాళ్ళలో ఎంతమందికి రాగం పేర్లు తెలిసుంటాయి చెప్పండి? అయినా మురిసిపోయారు.

ఆ పిల్లవాడే ఉప్పలపు శ్రీనివాస్. మనందరి మాండలిన్ శ్రీనివాస్. 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టి, 2014 సెప్టెంబరు 19న చెన్నైలో, నలభై అయిదేళ్ళకే వెళ్ళిపోయాడు. నాకు సంగీత శాస్త్రం రాదు. బి.ఏ.లో చదివింది చరిత్ర, రాసేవి నవలలు. కాబట్టి ఈ నాలుగు మాటలూ ఒక శ్రోత మాటలుగానే వినండి.

ఆయన్ను జాజ్ గిటారిస్టు అని ఎవరూ అనరు. కానీ ప్రపంచంలో పేరుమోసిన జాజ్ గిటారిస్టు ఒకాయన పక్కన కూర్చుని సరిసమానంగా వాయించిన తెలుగువాడెవరంటే ఈయన పేరే చెప్పాలి. జాజ్ పుట్టింది అమెరికాలో నల్లజాతివారి మధ్య, న్యూ ఆర్లియన్స్ రేవుపట్నంలో. దాని ప్రాణమంతా అప్పటికప్పుడు అల్లుకుపోవడంలో ఉంది. రాసిపెట్టుకున్నది కొంచెం, మనసులో పుట్టింది ఎక్కువ. మన కచేరీలో రాగం ఆలపించి, కల్పన స్వరాలు వేయడాన్ని మనోధర్మం అంటాం కదా, ఆ రెండూ వేలువిడిచిన చుట్టాలే అనిపిస్తుంది నాకు. ఎక్కడో పుట్టి, ఎక్కడో పెరిగి, పెళ్ళిపందిట్లో ఎదురుపడి పోలికలు చూసుకుని ఆశ్చర్యపోయే చుట్టాలు!

నా చిన్నతనం నంద్యాలలో గడిచింది. సెలవులొస్తే ఆళ్ళగడ్డలో మా జేజి దగ్గర. ఆళ్ళగడ్డ అంటే రాతి విగ్రహాలు చెక్కే ఊరు. పొద్దున్నే నిద్ర లేపేది కోడి కాదు, ఉలి చప్పుడు. టంగు టంగుమని ఒక వరస, కాస్త ఆగి ఇంకో వరస. ఆ చప్పుళ్ళ మధ్యన మా మామ ఒకరోజు టేప్ రికార్డరులో ఒక క్యాసెట్టు పెట్టాడు. జేజి కూరగాయలు తరుగుతున్న కత్తిపీట ఆపింది.

"ఏం వాద్యమప్పా ఇది? వీణ మాదిరి పలుకుతాది, వీణ గాదు."

"మాండలిన్ మా. వాయించేది చిన్నపిల్లోడు. మనోడే, పాలకొల్లు. జర్మనీకి గూడా పోయి వాయించొచ్చినాడు."

జేజి ఇంకాసేపు విని, "చిన్నపిల్లోడా! వాళ్ళమ్మ ఎట్ల పంపించిందప్పా అంత దూరం?" అంది.

మామ నవ్వాడు. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లిగా ఆలోచిస్తే, ఆ పూట అడగాల్సిన ప్రశ్న అదొక్కటే అనిపిస్తుంది. బాలమేధావి అని మనం మురిసిపోయే ప్రతి బిడ్డ వెనకా బడి మానేసిన పొద్దులూ, ఆడుకోని సాయంత్రాలూ ఉంటాయి. పక్కన తోడుగా నడిచేవాళ్ళు లేకపోతే ఆ బిడ్డ ఏమైపోవాలి?

శ్రీనివాస్ అదృష్టం ఏమిటంటే, తోడు నడిచేవాళ్ళు దొరికారు. తండ్రి సత్యనారాయణగారు సంగీతం తెలిసినవారు. ఇంట్లో ఉన్న ఆయన మాండలిన్ మీదే పిల్లవాడి చెయ్యి మొదట పడింది. తండ్రి గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారు శిష్యుడిగా చేర్చుకున్నారు. ఈయన చెంబై వైద్యనాథ భాగవతార్‌గారి శిష్యులు. అసలు విశేషం ఇక్కడుంది. సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించడం రాదు! ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాటను తీగల మీద వెతుక్కునేవాడు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పే దిక్కు లేదు. అందుకే కాబోలు, ఆయన వాయిద్యంలో వేళ్ళ చాతుర్యం కన్నా ముందు గొంతు వినిపిస్తుంది. తొమ్మిదేళ్ళ వయసులో, 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో మొదటి కచేరీ. మరి మూడేళ్ళకు మద్రాసు డిసెంబరు సభలు.

మద్రాసులో అందరూ వెంటనే చంక నెత్తుకోలేదు సుమండీ! పెద్దలకు అనుమానాలు వచ్చాయి. మాండలిన్ ఇటలీ నుంచి వచ్చిన వాద్యం. మామూలుగా దానికి నాలుగు జతల తీగలు, మొత్తం ఎనిమిది. మీటగానే 'టింగు' మని మోగి ఇట్టే ఆరిపోతుంది. మన సంగీతానికి ప్రాణం గమకం. ఒక స్వరాన్ని లాగి, ఊపి, పక్క స్వరాన్ని తాకించి వెనక్కి తేవాలంటే నాదం కాసేపు నిలవాలి కదా! జంట తీగలను సమంగా లాగడం ఇంకా కష్టం. శ్రీనివాస్ చేసిందేమిటంటే, జతలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నాడు. నాలుగు చాలక ఐదోది కలిపాడు. డొల్ల వాద్యం బదులు విద్యుత్తుతో పలికే గట్టి చెక్క వాద్యం పట్టుకున్నాడు. తీగ కింద అయస్కాంతం, దాని చుట్టూ రాగి తీగ చుట్ట ఉంటాయి. తీగ కదలికను అవి పట్టుకుని స్పీకరుకు అందిస్తాయి. దాంతో నాదం నిలిచింది, గమకం ఒదిగింది. ఎలక్ట్రిక్ గిటారు చేసే పనీ ఇదే. అంటే మన మాండలిన్, గిటారుకు చెల్లెలి వరసైందన్నమాట.

పరాయి వాద్యం అన్న మాటకు చరిత్ర ఎప్పుడో జవాబు చెప్పేసింది. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దొరల వయొలిన్ నేర్చుకుని మన సంగీతానికి మలిచారు. ఆ తర్వాత మన విజయనగరం ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో వయొలిన్‌ను ఎవరైనా పరాయిదన్నారా? ఇంటికొచ్చిన కోడలు మొదటి నెల పరాయిది. పదేళ్ళు తిరిగేసరికి ఆ ఇంటి తాళాల గుత్తి ఆమె బొడ్లోనే కదండీ!

ఇక అవతలి గట్టున జరుగుతున్న కథ చెప్పాలి. జాన్ మెక్‌లాఫ్లిన్ అని ఇంగ్లండులో 1942లో పుట్టిన గిటారిస్టు. 1969లో అమెరికా వెళ్ళి మైల్స్ డేవిస్ రికార్డుల్లో వాయించి పేరు తెచ్చుకున్నాడు. అక్కడితో తృప్తి పడక, అమెరికాలో పాఠాలు చెబుతున్న డాక్టర్ ఎస్. రామనాథన్‌గారి దగ్గర వీణ నేర్చుకున్నాడు. 1970లలో తబలా జాకిర్ హుసేన్, వయొలిన్ ఎల్. శంకర్, ఘటం విక్కు వినాయకరామ్‌లతో కలిసి 'శక్తి' బృందం పెట్టాడు. గమకం పలకడం కోసం తన గిటారు మెట్ల మధ్య చెక్కను లోతుగా చెక్కించుకున్నాడు. అడ్డంగా శ్రుతి తీగలు వేయించుకున్నాడు. చూశారా విడ్డూరం! ఇక్కడ పాలకొల్లు పిల్లవాడు ఇటలీ వాద్యాన్ని వీణ వైపు నడిపిస్తుంటే, అంతకు కొన్నేళ్ళ ముందే అక్కడొక దొర గిటారును అదే వైపు నడిపించుకొచ్చాడు. ఒకరినొకరు ఎరక్కుండానే ఇద్దరూ ఒకే ఊరికి బయల్దేరారు.

1990ల చివర్లో 'రిమెంబర్ శక్తి' పేరుతో ఆ బృందం మళ్ళీ లేచినప్పుడు ఇద్దరూ ఒకే వేదిక ఎక్కారు. మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుసేన్, శ్రీనివాస్, వినాయకరామ్‌గారి కుమారుడు సెల్వగణేశ్. తర్వాత గాయకుడు శంకర్ మహదేవన్ వచ్చి చేరాడు. వయసులో శ్రీనివాస్ కన్నా మెక్‌లాఫ్లిన్ ఇరవై ఏడేళ్ళు పెద్ద, అంటే తండ్రీకొడుకుల వయసు తేడా. వేదిక మీద ఆ తేడా కనపడదు. పెద్దాయన ఒక వరస వాయించి ఆగుతాడు. చిన్నాయన ఆ వరస తోక అందుకుని, దానికి ఒక గమకం చుట్టి తిరిగి ఇస్తాడు. పెద్దాయన తల ఊపి నవ్వుతాడు. ఇంకొంచెం కష్టమైనది వేస్తాడు. అదీ తిరిగొస్తుంది! నూతి దగ్గర ఇద్దరు నేస్తాలు కబుర్లాడుకున్నట్టు ఉంటుంది.

పోటీ లేదా అంటే, ఉంది. కానీ గెలవాలన్న పోటీ కాదు. మనం వంటింట్లో తోటికోడళ్ళతో పడే పోటీతో పోల్చుకుంటే నాకు సిగ్గేస్తుంది కూడాను! ఎదుటివాళ్ళు చెప్పేది పూర్తిగా వింటేనే వాళ్ళిద్దరి సంభాషణ సాగేది. ఒక్క క్షణం చెవి పక్కకు పోతే తాళం చెదురుతుంది. స్నేహానికి ఇంతకన్నా కఠినమైన పరీక్ష నేనెక్కడా చూడలేదు. ఆ స్నేహం ఇంటిదాకా కూడా వచ్చింది. శ్రీనివాస్ తమ్ముడు రాజేశ్ కూడా మాండలిన్ విద్వాంసుడే. 2008లో వచ్చిన మెక్‌లాఫ్లిన్ రికార్డు 'ఫ్లోటింగ్ పాయింట్'లో ఆయన వాయించాడు.

ఇన్ని దేశాలు తిరిగినా శ్రీనివాస్ కచేరీ పద్ధతి మార్చుకోలేదు. కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో 1995లో 'డ్రీమ్' అనే రికార్డు చేసిన ఆ చేతులే, ఇక్కడి సభల్లో వర్ణంతో మొదలుపెట్టి మంగళంతో ముగించేవి. 1998లో పద్మశ్రీ వచ్చింది. మా రాయలసీమలో పుట్టపర్తి ఆయనకు ఇష్టమైన చోటు, ఎన్నోసార్లు వచ్చి వాయించాడు. మాట్లాడేది తక్కువ, నవ్వేది ఎక్కువ. వేదిక మీద ఎంత వేగంగా వాయిస్తున్నా ముఖంలో ఆ పసితనపు నవ్వు చెరిగేది కాదు.

కాలేయం దెబ్బతిని, మార్పిడి చికిత్స జరిగినా దక్కలేదు. ఆ కబురు తెలిసిన రోజున మా జేజి ప్రశ్న నాకు మళ్ళీ గుర్తొచ్చింది. అప్పటికి జేజి లేదు. ఉంటే ఏమనేదో! మామూలు మనుషులకు నలభై అయిదంటే సగం జీవితం. తొమ్మిదో ఏట కచేరీ మొదలుపెట్టినవాడికి అది ముప్పై ఆరేళ్ళ ఉద్యోగం. అంత చాకిరీ చేసిన చేతులకు కాస్త విశ్రాంతి దొరికే వయసులోనే పిలుపొచ్చింది. లోకం మేధావి పోయాడంది. నాకు మాత్రం, ఆ అమ్మానాన్నల కొడుకు పోయాడనిపించింది.

'శక్తి' బృందం మళ్ళీ కూడింది. శ్రీనివాస్ కూర్చునే చోట ఇంకో మాండలిన్‌ను కూర్చోబెట్టలేదు, గణేశ్ రాజగోపాలన్ వయొలిన్‌తో వచ్చారు. 2024 ఫిబ్రవరిలో వాళ్ళ 'దిస్ మొమెంట్' రికార్డుకు గ్రామీ పురస్కారం వచ్చింది. ఆ ఏడాది డిసెంబరు 15న జాకిర్ హుసేన్ కూడా వెళ్ళిపోయారు.

ఈమధ్య మా ఆడపడుచు కూతురు నంద్యాలలో గిటారు నేర్చుకుంటానంది. ఇంట్లో పెద్దలు "ఆడపిల్లకు వీణ నేర్పిస్తే లక్షణంగా ఉంటుంది గానీ, గిటారేంటి?" అన్నారు. నేను సుబ్బరాజుగారి కథ చెప్పాను. మాండలిన్ రాని గురువు, శిష్యుణ్ణి మాండలిన్ పేరే ఇంటిపేరయ్యేంతవాణ్ణి చేశాడని. వాళ్ళు పూర్తిగా ఒప్పుకున్నారని చెప్పను. గిటారు మాత్రం ఇంట్లోకి వచ్చింది. రోజూ సాయంత్రం ఆ పిల్ల వాయిస్తుంటే వాళ్ళ నాయనమ్మ చాటలో బియ్యం ఏరుకుంటూ పక్కనే కూర్చుంటోందట. తప్పుల్ని కూడా వింటోందట.

'రిమెంబర్ శక్తి' రికార్డు ఏదైనా దొరికితే మీరూ ఒకసారి వినండి. పని చేసుకుంటూ కాదు, ఓ పావుగంట తీరిగ్గా కూర్చుని. గిటారు మాట ఆపి మాండలిన్‌కు చోటిచ్చే ఘడియ ఒకటి వస్తుంది. అక్కడ చెవి పెట్టండి.