ఎవరు ఎవరిని సిద్ధం చేస్తారు? పటాన్‌చెరు సూది నుంచి రోబో సర్జరీ దాకా

ఆపరేషన్‌కి 'రెడీ చెయ్యడం' అనే మాట మన ఆసుపత్రుల్లో రోజూ వినబడుతుంది. గాజులు తీయించి, మెట్టెలు తీయించి, పుస్తెలతాడు ఇంటివాళ్ళ చేతికిచ్చి, గౌను తొడిగి, స్ట్రెచర్ మీద పడుకోబెడితే ఆమెను రెడీ చేసినట్టే. ఈ పనులన్నిటిలోనూ ఆమె కర్మ మాత్రమే, ఎక్కడా కర్త కాదు. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నాకు ముందు కనబడేది వ్యాకరణమే. సిద్ధం చెయ్యడం వేరు, సిద్ధపడటం వేరు. మొదటిది ఇతరులు ఆమె శరీరానికి చేసే పని. రెండోది ఆమె తెలుసుకుని, అడిగి, ఆలోచించుకుని చేసే పని. ఇప్పుడు గర్భసంచి ఆపరేషన్ల దాకా రోబో వచ్చింది. ఈ సందర్భంలో ఆ రెండు మాటల మధ్య వున్న దూరాన్ని కొలవాలంటే మన ప్రాంతపు చరిత్రనే కాస్త వెనక్కి తిరిగి చూడాలి.

శస్త్రచికిత్సకు మనిషిని సిద్ధం చేసే శాస్త్రంలో హైదరాబాదుకు ప్రపంచ ఖ్యాతి వుంది. మత్తు కోసం ఇచ్చే క్లోరోఫాం వల్ల ముందు ఆగేది గుండెనా, శ్వాసనా అని 19వ శతాబ్దపు వైద్యులు తీవ్రంగా వాదించుకున్నారు. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ శ్వాసే ముందు ఆగుతుందని గట్టిగా నమ్మాడు. నిజాం ప్రభుత్వ సహాయంతో 1888లోనూ, 1889లోనూ ఇక్కడ రెండు క్లోరోఫాం కమిషన్లు జంతువుల మీద ప్రయోగాలు చేశాయి. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. కమిషన్లు లారీ వాదననే సమర్థించాయి. అయితే క్లోరోఫాం గుండెను నేరుగా ఆపగలదని 1911లో లెవీ అనే శాస్త్రజ్ఞుడు నిరూపించాడు. ఆ వాదనంతా నాడి గురించీ, ఊపిరి గురించే. మత్తు తీసుకునే మనిషికి ముందుగా ఏం చెప్పాలన్నది ఆ కమిషన్ల ముందున్న ప్రశ్న కాదు.

అదే కాలంలో అదే వూళ్ళో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ యువతి వుంది. 1885లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చేరిన కొద్దిమంది స్త్రీలలో ఆమె వొకరు. 1889లో చదువు పూర్తి చేసి, రోగులకు క్లోరోఫాం ఇచ్చే పనిలో దశాబ్దాల పాటు గడిపింది. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలిగా ఆమెను ఇవాళ గుర్తుచేసుకుంటున్నారు. పరదా పాటించే స్త్రీలకు స్పృహ తప్పే ముందు కనబడిన చివరి ముఖం వొక స్త్రీది కావడం చిన్న విషయం కాదు. ఆమె వాళ్ళతో ఏం మాట్లాడిందో మనకు చేరలేదు. వైద్యచరిత్ర మందు మోతాదుల్ని భద్రంగా దాచింది, మాటల్ని దాచలేదు.

మాటల చరిత్ర మనకు దొరికేది దాదాపు వంద సంవత్సరాల తర్వాత, పటాన్‌చెరులో. నేనుంటున్న పటేల్‌గూడకు అది కొద్ది కిలోమీటర్ల దూరమే. అప్పుడది మెదక్ జిల్లా. ఫ్యాక్టరీలు పొలాల మధ్యకి చొచ్చుకొస్తున్న రోజులు. 1985లో అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 'నెట్-ఎన్' అనే సూది ఇవ్వడానికి ఏర్పాట్లు జరిగాయి. గర్భం రాకుండా రెండు నెలలకోసారి వేసే హార్మోను ఇంజెక్షన్ అది. భారత వైద్య పరిశోధనా మండలి దాన్ని ప్రయోగాత్మకంగా పరీక్షిస్తోంది. వచ్చిన స్త్రీలకు మాత్రం అది పిల్లలు పుట్టకుండా వేసే సూది అనే తెలుసు. ప్రయోగమని తెలీదు. నెలసరి దారి తప్పవచ్చని, పూర్తిగా ఆగిపోవచ్చని తెలీదు.

హైదరాబాదులోని స్త్రీ శక్తి సంఘటన సభ్యులు ఆ కేంద్రానికి వెళ్ళారు. ఇది పరీక్షల దశలో వున్న మందు అనే సంగతి, దానివల్ల వచ్చే ఇబ్బందులు స్త్రీలకు అర్థమయ్యేలా చెప్పాలని పట్టుబట్టారు. చెప్పాక చాలామంది సూది వేయించుకోకుండానే వెళ్ళిపోయారు. నిరక్షరాస్యులైన ఆడవాళ్ళకు ఏం అర్థమవుతుంది, చెప్పి ఏం లాభం అనే వాళ్ళందరికీ ఆ స్త్రీలు నడిచి వెళ్ళిపోవడమే జవాబు. అర్థం కానివాళ్ళు అలా లేచి వెళ్ళరు కదా! ఆ తర్వాత, 1986లో, స్త్రీ శక్తి సంఘటన, ఢిల్లీలోని సహేలీ, మరికొందరు కలిసి సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేశారు. అది 2000లో గానీ ముగియలేదు. నెట్-ఎన్‌ను కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో మూకుమ్మడిగా వాడటం తగదని ప్రభుత్వం చివరికి ఒప్పుకుంది.

సూది విషయంలో లేచి వెళ్ళడానికి వీలుంది. ఆపరేషన్ బల్ల మీద ఆ వీలు లేదు, ఎందుకంటే అక్కడ స్పృహే వుండదు. అందుకే స్పృహ వున్నప్పటి సంభాషణకు అంత విలువ. 2008 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన సమీరా కోహ్లి కేసు ఈ సంగతినే తేల్చింది. లాపరోస్కోపీతో పరీక్ష చేయించుకోవడానికి ఒప్పుకున్న స్త్రీ మత్తులో వుండగా, బయట కూర్చున్న తల్లి చేత సంతకం పెట్టించుకుని, గర్భసంచినీ అండాశయాలనూ తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు స్పృహలోకి వచ్చేదాకా ఆగి ఆమెనే అడగాలని, పరీక్షకిచ్చిన అనుమతి చికిత్సకు అనుమతి కాదని కోర్టు స్పష్టం చేసింది. చేసే పని ఏమిటో, దానికి ప్రత్యామ్నాయం ఏమిటో, ప్రమాదాలేమిటో, వద్దనుకుంటే ఏమవుతుందో కూడా చెప్పాలంది. తల్లి అయినా, భర్త అయినా ఆమె శరీరానికి ప్రతినిధి కారు. ఈ మాట కోర్టు నోట వినడానికి మనకు 2008 దాకా పట్టింది.

ఈ తీర్పు మన రాష్ట్రాల్లో ఎంత అవసరమో అంకెలు చూస్తే తెలుస్తుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం. తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అవసరం లేకుండా గర్భసంచి తొలగించడాన్ని అరికట్టే మార్గదర్శకాలను అమలు చెయ్యమని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది. 'పిల్లలు పుట్టారు కదా, ఇక దానితో పనేముంది' అనే మాట డాక్టరు నోటా వింటాం, అత్తగారి నోటా వింటాం. అది వైద్య సలహా కాదు, స్త్రీ శరీరాన్ని సంతానానికి కుదించే పాత పితృస్వామ్య లెక్క.

రోబో ఈ చరిత్రలోకే వచ్చింది. అమెరికాలో డావిన్చీ యంత్రానికి 2000లోనూ, స్త్రీల ఆపరేషన్లలో దాని వాడకానికి 2005లోనూ అనుమతి దొరికింది. హైదరాబాదు కార్పొరేట్ ఆసుపత్రుల తర్వాత, ప్రభుత్వ రంగంలోని నిమ్స్‌కి కూడా 2023లో రోబో వచ్చింది. పేరు విని యంత్రమే కోస్తుందనుకుంటారు చాలామంది. అది తనంతట తాను ఏమీ చెయ్యదు. సర్జన్ కొన్ని అడుగుల దూరంలో కూర్చుని తెర మీద లోపలి భాగాలను పెద్దవిగా చూస్తూ, చేతులతో, కాళ్ళతో నడుపుతుంటే రోబో చేతులు సన్నని రంధ్రాల గుండా పనిముట్లను కదుపుతాయి. నిజానికి ఇది లాపరోస్కోపీకి కూతురు. పొట్టను ఉబ్బించే కార్బన్ డయాక్సైడ్ అదే, చిన్న కోతలు అవే. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో లాపరోస్కోపీతో వొక్కరోజే 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తే నలుగురు స్త్రీలు చనిపోయారు. పనిముట్టు ఆధునికమైనంత మాత్రాన, దాన్ని స్త్రీల మీద వాడే పద్ధతి ఆధునికమవదు.

శరీరాన్ని సిద్ధం చేసే పనికి కారణాలు లేకపోలేదు. గర్భసంచి ఆపరేషన్లో తలవైపు బాగా కిందికి వంచి గంటల తరబడి వుంచుతారు. పేగులు పైకి జరిగి చోటు దొరకడానికి అది అవసరం. దానివల్ల ఊపిరితిత్తుల మీద, కళ్ళ మీద ఒత్తిడి పెరుగుతుంది. అందుకే గుండె, ఊపిరి పరీక్షలు చేస్తారు, ఆస్తమా, కంటి జబ్బుల గురించి అడుగుతారు. రక్తం పలచబరిచే మందులు ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి. మామూలుగా అన్నం ఆరు గంటల ముందు, మంచినీళ్ళు రెండు గంటల ముందు ఆపేస్తారు. గోళ్ళరంగు తీసెయ్యమనేది రక్తంలో ఆక్సిజన్ కొలవడానికి. నగలు తియ్యమనేది కరెంటుతో కోసే పరికరాల వల్ల వొళ్ళు కాలకుండా. తర్వాత రెండు మూడు రోజులు భుజం నొప్పి రావచ్చు, అది మిగిలిన గ్యాసు వల్ల. ఇంత చిన్న వివరణలే భయాన్ని సగం తగ్గిస్తాయి. పుస్తెలతాడు తీస్తే అశుభమని గుండె దడదడలాడే స్త్రీకి 'కాలిన గాయం కాకుండా' అని చెప్పడానికి అర నిమిషం చాలు.

మా కాలనీలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసే అక్క వొకామెకు నగరంలోని వొక ఆసుపత్రిలో ఇలాంటి ఆపరేషన్ చేశారు. ముందురోజు ఆమెకిచ్చిన కాగితాలు చదివిపెట్టమంటే చూశాను. ఏం తినకూడదో ఇంగ్లీషులో వుంది. అనుమతి పత్రం మాత్రం తెలుగే. 'నాకు నా భాషలో పూర్తిగా వివరించబడినది' అని అచ్చువేసి వుంది. ఎవరు వివరించారు? ఎప్పుడు? కర్మణి ప్రయోగంలో చెప్పినవాళ్ళు మాయమైపోతారు, చెప్పినట్టు మాత్రం మిగిలిపోతుంది. 'అండాశయాలు కూడా తీస్తారా అక్కా?' అని అడిగితే, 'ఏమో చెల్లె, సార్‌కి ఎరుకుంటది' అంది. సంతకం అప్పటికే అయిపోయింది. ఆమెకు అంతకన్నా పెద్ద బెంగ వేరే వుంది. కాంట్రాక్టు పని, ఎన్నాళ్ళు బరువులు ఎత్తకూడదు, ఎన్నాళ్ళ కూలి పోతుంది అని. ఆ ప్రశ్నకు ఆ కాగితాల్లో వొక్క గడి కూడా లేదు.

చెప్పకపోతే ఏమవుతుందనేది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు, కొన్నిసార్లు ప్రాణానికి సంబంధించినది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తొలిదశలో వున్న 631 మంది మీద జరిగిన అంతర్జాతీయ అధ్యయనం 2018లో వెలువడింది. చిన్న కోతలతో, అంటే లాపరోస్కోపీతో గానీ రోబోతో గానీ, గర్భసంచి తొలగించినవారిలో నాలుగున్నరేళ్ళ తర్వాత జబ్బు తిరగబెట్టకుండా వున్నవారు 86 శాతం. పొట్ట కోసి చేసినవారిలో 96.5 శాతం. మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు రోబో సర్జరీ సురక్షితమని ఇంకా నిర్ధారణ కాలేదని అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. దీనర్థం రోబో చెడ్డదని కాదు. చాలా ఇతర ఆపరేషన్లలో చిన్న కోత వల్ల రక్తం తక్కువ పోతుంది, త్వరగా లేచి తిరగగలుగుతారు. ఏ జబ్బుకు ఏది మేలో తెలియకుండా, 'కొత్తది కాబట్టి మంచిది' అని పెట్టిన సంతకానికి విలువ లేదు, అంతే.

అందుచేత సంతకానికి ముందు అడగవలసినవి కొన్ని వున్నాయి. నాకు ఈ ఆపరేషన్ అసలు అవసరమా, మందులతో పోదా? రోబో లేకుండా చేస్తే తేడా ఏమిటి, ఖర్చు ఎంత తేడా? ఏమేం తీస్తారు, ఏవి వుంచుతారు? ఇది చేసే డాక్టరు ఇలాంటివి ఎన్ని చేశారు? యంత్రం ఆగిపోతే, లోపల రక్తస్రావమైతే పొట్ట కోస్తారా? మళ్ళీ ఎప్పుడు పనికి పోగలను? ఇవి అడగడానికి పెద్ద చదువు అక్కర్లేదు. అడిగే వీలున్న వాతావరణం కావాలి. విసుక్కోని నర్సు, తెలుగు కాగితం, పక్కన మరో స్త్రీ కావాలి. అన్నిటికన్నా, వద్దనే హక్కు మిగిలివున్నప్పుడే ఈ మాటలు జరగాలి, స్ట్రెచర్ మీద కాదు.

రోబో ఖరీదు కోట్లలో వుంటుంది. దాన్ని నడపడానికి డాక్టర్లకు నెలల తరబడి శిక్షణ ఇస్తారు. ఆ బల్ల మీద పడుకోబోయే స్త్రీ కోసం కేటాయించేది మాత్రం వొక సంతకం పట్టేంత సమయం. 1985లో పటాన్‌చెరు స్త్రీలకు ఎవరో కొందరు వచ్చి విషయం చెప్పారు, వాళ్ళు తమకు తోచినట్టు నిర్ణయించుకున్నారు. ఆ పనికి ఏ యంత్రమూ అవసరం కాలేదు.