కడప – విజయవాడ విమానయానం: దూరం, ప్రయాణ కాలం

(నేపథ్య సమాచారం)

కడప విమానాశ్రయానికి, గన్నవరంలోని విజయవాడ విమానాశ్రయానికి మధ్య గగనమార్గ దూరం సుమారు 311 కిలోమీటర్లు, అనగా 168 నాటికల్ మైళ్లు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లకు సమానం. వార్తలలో, నివేదికలలో ఈ రెండు కొలమానాలు కలగాపులగం కాకుండా చూడడం అవసరం.

దూరం లెక్కించే విధానం:

కడప విమానాశ్రయం 14 డిగ్రీల 31 నిమిషాల ఉత్తర అక్షాంశం, 78 డిగ్రీల 46 నిమిషాల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. గన్నవరం 16 డిగ్రీల 32 నిమిషాలు, 80 డిగ్రీల 48 నిమిషాల వద్ద ఉన్నది. అక్షాంశ, రేఖాంశ భేదాలు దాదాపు సమానం కావడంతో మార్గం ఇంచుమించు సూటిగా ఈశాన్య దిశలో సాగుతుంది. బద్వేలు పరిసరాలు, వెలికొండలు, అద్దంకి ప్రాంతం దాటి కృష్ణానది మీదుగా గన్నవరం చేరుతుంది.

రైలు మార్గంతో పోలిక:

కడప ముంబయి–చెన్నై మార్గంలోను, విజయవాడ చెన్నై–హౌరా మార్గంలోను ఉన్నాయి. ఈ ప్రధాన మార్గాల గుండా వెళ్లే ప్రయాణికుడు ముందు ఆగ్నేయంగా రేణిగుంట, గూడూరు చేరి, అక్కడి నుంచి ఉత్తరంగా నెల్లూరు, ఒంగోలు మీదుగా రావలసి ఉంటుంది. ఈ దూరం సుమారు 500 కిలోమీటర్లు. విమాన సర్వీసు ప్రాధాన్యం ఈ చుట్టుదారి వల్లనే ఏర్పడినది.

ప్రయాణ కాలం:

ఏటీఆర్-72 తరగతి విమానం గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో పయనిస్తుంది. ఆ లెక్కన 311 కిలోమీటర్లకు 37 నిమిషాలు చాలును. అయితే పైకి ఎక్కేటప్పుడు, కిందికి దిగేటప్పుడు వేగం తక్కువగా ఉంటుంది. రన్‌వే మీదికి, తిరిగి నిలుపు స్థలానికి నడిచే సమయాన్ని సైతం కలుపవలెను. వేళాపట్టికలో చూపే కాలం విమానం నిలుపు స్థలం నుంచి కదిలినది మొదలు గమ్యంలో ఆగేవరకు లెక్కించినది. అందుచేత అది గంట లేదా అంతకు కొంచెం అధికంగా ఉంటుంది. గాలి దిశను బట్టి రాకపోకల కాలాలలో స్వల్ప భేదం ఉండవచ్చును.

సర్వీసులు, చార్జీలు:

ఆధునికీకరించిన కడప విమానాశ్రయం 2015 జూన్ 7న ప్రారంభమైనది. కేంద్ర ప్రభుత్వ ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్ 27న ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ సిమ్లా నుంచి ప్రారంభించిన తొలి సర్వీసులలో కడప–హైదరాబాద్ ఒకటి. 2016 అక్టోబరులో పథకం వెలువడినప్పుడు, సుమారు 500 కిలోమీటర్ల, గంట ప్రయాణానికి ఉడాన్ కోటా సీట్లకు రూ.2,500 గరిష్ఠ చార్జీగా నిర్ణయించారు. విమానంలోని సీట్లన్నింటికీ ఈ పరిమితి వర్తించదు. కడప–విజయవాడ మధ్య ఇండిగో సర్వీసులు 2022 మార్చిలో మొదలైనవి.

గమనించవలసిన అంశాలు:

గంట ముందుగా విమానాశ్రయం చేరడం, గన్నవరం నుంచి విజయవాడ నగరానికి సుమారు 20 కిలోమీటర్ల రోడ్డు ప్రయాణం కలిపితే మొత్తం మూడు గంటలకు తగ్గదు. తిరుగు విమానం అదే రోజున లేనట్లయితే పని మీద వచ్చినవారికి ఈ ఆదా దక్కదు. కావున ప్రయాణ కాలంతోపాటు సర్వీసు వారంలో ఎన్ని రోజులు, ఏ వేళలలో నడుస్తున్నదో పేర్కొనడం ప్రజలకు ఉపయుక్తం. వేళాపట్టికలు ఏటా మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారం నుంచి మారుతుంటాయి. ప్రచురణకు ముందు తాజా వేళలను సరిచూసుకొనగలరు.