వెన్నకు మారుగా వచ్చినది

వెన్న ప్రియమైనప్పుడు బీదవాడు రొట్టెకు ఏమి రాసుకోవాలి? ఈ ప్రశ్నకు సమాధానం కోరి ఫ్రాన్సు చక్రవర్తి మూడవ నెపోలియను బహుమానం ప్రకటించాడు. 1869లో ఇప్పొలిట్ మేజ్-మూరియే అనే రసాయనజ్ఞుడు పశువుల క్రొవ్వును పాలతో కలిపి చిలికి, వెన్నను పోలిన పదార్థాన్ని సిద్ధం చేశాడు. అదే మార్గరీను.

పాడిరైతులు ఊరుకోలేదు. అమెరికా ప్రభుత్వం 1886లో మార్గరీనుపై పన్ను విధించింది. వెన్నలా కనిపించేటట్టు పసుపురంగు వేసిన దానిపై 1902లో ఆ పన్నును పౌనుకు 10 సెంట్లు చేసింది. ఆనాటి తగవంతా ఒక్కటే: ఇది అసలా, నకిలీయా?

ఆ 1902లోనే జర్మనీలో విల్హెల్మ్ నార్మన్, నికెల్ సహాయంతో నూనెలోనికి ఉదజనిని ఎక్కించి గట్టిపరచే పద్ధతికి పేటెంటు పొందాడు. చవక నూనెలు వెన్నలా గడ్డకట్టసాగాయి. ఆ విధానమే మన దేశంలో వనస్పతిగా వెలసింది. 1937లో డాల్డా వచ్చింది. నేయి కొనలేని ఇండ్లకు అదే నేయి అయింది. ఇక్కడి తగవూ కల్తీని గురించినదే. అందుకే వనస్పతిలో నూటికి 5 పాళ్ళు నువ్వుల నూనె ఉండాలని నియమం పెట్టారు. అది నేతిలో కలిస్తే రసాయన పరీక్షలో ఎర్రరంగు తేలి గుట్టు బయటపడుతుంది.

కాని అసలు దోషం రంగులోనూ లేదు, పేరులోనూ లేదు. నూనె సగమే గట్టిపడినప్పుడు, అందులోని కొన్ని అణువులు సహజమైన వంపును కోల్పోయి నిటారుగా మారుతాయి. ఇవే ట్రాన్స్ క్రొవ్వులు. ఇవి రక్తంలో చెడ్డ కొలెస్టరాలును పెంచి, మంచిదానిని తగ్గిస్తాయని 1990లో నెదర్లండ్సు శాస్త్రజ్ఞులు మెన్సింక్, కాటన్ వెల్లడించారు.

పాలలో, నేతిలో కూడ ఈ క్రొవ్వు కొద్దిగా ఉంటుంది. నెమరువేసే పశువుల మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు మేతలోని క్రొవ్వుపై ఇటువంటి మార్పే చేస్తాయి. అయితే సగం గట్టిపరచిన నూనెలలో దాని పాలు ఇంతకు ఎన్నో రెట్లు ఉండవచ్చు. కనుక అడగవలసినది అసలా, నకిలీయా అని కాదు. ఎంత ఉన్నది అని.

ఆ ప్రశ్నను డెన్మార్కు 2003లో చట్టంగా మలచింది: ఆహారపు నూనెలలో, క్రొవ్వులలో కర్మాగారపు ట్రాన్స్ క్రొవ్వు నూటికి 2 పాళ్ళు మించరాదు. భారతదేశంలో ఆ హద్దు 2022 జనవరి నుండి అమలుకు వచ్చింది. వెన్న రంగును కాపాడడానికి చట్టం 1902 నాటికే కదిలింది. చవక క్రొవ్వుతో వంట చేసుకొన్న బీదవాని గుండెను కాపాడడానికి మాత్రం మరొక నూరేండ్లు పట్టింది.