నోడ్-రెడ్ (ఎడిటర్ పరిచయం)

నోడ్-రెడ్ అనేది కంప్యూటర్లు, సెన్సార్లు, ఇంటర్నెట్ సేవలు చేయవలసిన పనులను బొమ్మల రూపంలో కలిపి, వాటంతట అవే జరిగేలా చేసే ఒక ఓపెన్ సోర్స్ సాఫ్టువేరు. ఐబీఎం సంస్థలో పనిచేస్తున్న నిక్ ఓలియరీ, డేవ్ కాన్వే-జోన్స్ దీనిని 2013 ఆరంభంలో తయారుచేశారు. అదే సంవత్సరం సెప్టెంబరులో ఇది అందరికీ అందుబాటులోకి వచ్చింది. 2019 నుండి ఓపెన్‌జేఎస్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో ఉన్నది. దీని వెనుకనున్న ప్రవాహ ఆధారిత ప్రోగ్రామింగు భావన 1970 దశకంలో జె. పాల్ మారిసన్ ప్రతిపాదించినది.

తెర స్వరూపం

నోడ్-రెడ్‌కు వేరే కిటికీ లేదు, బ్రౌజరులోనే తెరుచుకుంటుంది. మామూలుగా 1880వ పోర్టులో పనిచేస్తుంది. తెరకు ఎడమవైపున నోడ్ల పట్టీ, మధ్యన పనిస్థలం, కుడివైపున సమాచార పట్టీ, పైన శీర్షభాగం ఉంటాయి.

ఒక్కొక్క నోడు ఒక్కొక్క పని చేస్తుంది. ఎడమ పట్టీ నుండి నోడును లాగి మధ్యలో వదలాలి. నోడుకు ఎడమ అంచున ఉన్న చిన్న చదరం సందేశం లోపలికి వచ్చే ద్వారం, కుడి అంచున ఉన్నది బయటికి పోయే ద్వారం. ఒక నోడు కుడి ద్వారం నుండి మరొకదాని ఎడమ ద్వారానికి మౌసుతో గీత లాగితే అవి కలిసిపోతాయి. ఇలా కలిపిన వరుసను ఫ్లో అంటారు. నోడుపై రెండుసార్లు నొక్కితే దాని వివరాలు మార్చుకునే ఫారం తెరుచుకుంటుంది. పేరు తెలుగులో కూడా పెట్టుకోవచ్చు. ఫ్లో పెద్దదైనపుడు ఈ పేర్లే దారి చూపుతాయి. పట్టీలో వెతకడం విసుగనిపిస్తే, కంట్రోల్ మీట నొక్కి ఖాళీ స్థలంలో క్లిక్ చేసి నోడు పేరు టైపు చేయవచ్చు.

డిప్లాయ్ బొత్తాము

కొత్తవారు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. గీసిన ఫ్లో బ్రౌజరులో మాత్రమే ఉంటుంది; పైన కుడిమూలనున్న డిప్లాయ్ నొక్కేవరకు సర్వరు పాత ఫ్లోనే నడుపుతూ ఉంటుంది. నోడుపై నీలిచుక్క ఉంటే మార్పు ఇంకా అమలు కాలేదని, ఎర్ర త్రికోణం ఉంటే వివరాలలో లోపమున్నదని అర్థం. పూర్తి డిప్లాయ్ నడుస్తున్న ఫ్లోలన్నిటినీ ఆపి మళ్ళీ మొదలుపెడుతుంది. కనుక మోటారు వంటి వాటిని నడిపేవారు, మారిన నోడ్లను మాత్రమే అమలుచేసే ఎంపికను వాడటం మంచిది.

పరీక్షించుట

ఇంజెక్ట్ నోడును డీబగ్ నోడుకు కలిపి డిప్లాయ్ చేసి, ఇంజెక్ట్ నోడుకు ఎడమనున్న బొత్తాము నొక్కాలి. కుడి పట్టీలోని డీబగ్ విభాగంలో సందేశం కనిపిస్తుంది. ఆ సందేశంపై మౌసు ఉంచితే దానిని పంపిన నోడు పనిస్థలంలో గుర్తించబడుతుంది.

భద్రత

ముందుగా ఇచ్చిన అమరికలో ఎడిటరుకు సంకేతపదం ఉండదు. చిరునామా, పోర్టు తెలిసి చేరుకోగలిగినవారెవరైనా ఫ్లోలను చూడవచ్చు, మార్చవచ్చు. ఎక్జెక్ నోడు ద్వారా కంప్యూటరుకు నేరుగా ఆదేశాలు కూడా ఇవ్వవచ్చు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఇంటర్నెట్‌కు తెరిచే ముందే సెట్టింగ్స్ ఫైలులో లాగిన్ ఏర్పాటు చేసుకోవాలి.

ఫ్లోలను జేసన్ రూపంలో ఎగుమతి చేసి ఇతరులకు ఇవ్వవచ్చు. రహస్య వివరాలకై కేటాయించిన గడులలోని సంకేతపదాలు అందులో చేరవు. కాని ఫంక్షన్ నోడు కోడులో స్వయంగా రాసుకున్న సంకేతపదం ఉన్నదున్నట్లు వెళ్ళిపోతుంది.