తండ్రి పోలిక



బిడ్డ పుట్టిన ఇంటికి చూడబోయిన వాళ్ళు మొదట అనే మాట, “అంతా తండ్రి పోలికే” అని. మన తెలుగు బైబిలులో ఆదికాండము 1:26లో ఉన్నవి స్వరూపము, పోలిక అనే మాటలే. ఆదాము షేతును కన్నప్పుడు, ఆది 5:3లో, ఆ రెండు మాటలూ మళ్ళీ వస్తాయి. కాబట్టి దేవుని పోలిక మనిషి సంపాదించుకున్న బిరుదు కాదు. బిడ్డకు తండ్రి పోలిక వచ్చినట్టు పుట్టుకతో వచ్చింది.

ఐగుప్తులో ఈ గౌరవం ముఖ్యంగా రాజుది. టుటంఖామున్ అనే ఫరో పేరుకు అర్థమే ‘ఆమోను దేవుని సజీవ ప్రతిరూపం’. లేఖనమైతే దానిని స్త్రీ పురుషులందరికీ ఇచ్చింది (ఆది 1:27). పాపం ప్రవేశించాక కూడా తీసివేయలేదు. నరహత్య ఎందుకు చేయకూడదో ఆది 9:6, మనిషిని ఎందుకు శపించకూడదో యాకోబు 3:9 చెప్పే కారణం ఇదే.

మన ప్రాంతంలో ఈ వాక్యానికి పరీక్ష వచ్చింది. తోళ్ల వ్యాపారం చేసే మాదిగ పెద్ద ఎర్రగుంట్ల పేరయ్యగారు 1866లో బాప్తిస్మం పొందారు. ఆ ఏడే మిషనరీ జాన్ క్లౌగారు ఒంగోలు వచ్చారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం 8 మందితో మొదలైంది. మాదిగలు రావడం చూసి అగ్రకులాల వారు, “వాళ్ళను చేర్చుకుంటే మేము రాము” అన్నారు. క్లౌగారూ, ఆయన భార్యా వేర్వేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ 1 కొరింథీ 1వ అధ్యాయం చివరి భాగమే కనబడిందట. లోకం నీచులని తృణీకరించిన వారినే దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగం అది. వారు మాదిగలను వదులుకోలేదు.

1876-78 కరువులో క్లౌగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని కల్పించారు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపారు. తర్వాత 1878 జూలై 3న, మన అద్దంకి పక్కగా పారే ఈ గుండ్లకమ్మలోనే, వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ప్రియులారా, ఆ రోజు నీళ్ళలో దిగినవారికి దేవుని పోలిక కొత్తగా రాలేదు. పల్లెలో పుట్టిననాడే వారికది ఉంది. ఊరు చూడనన్నది, అంతే. క్రీస్తు చేసేది ఆ పోలికను నూతనపరచడం (కొలస్సయి 3:10). ఆ వెంటనే 11వ వచనం మనుషుల మధ్య భేదాలను కొట్టివేస్తుంది.

మరి ఆ రోజు దిగినవారి మనవలం, మునిమనవలం ఏం చేస్తున్నాం? మాలపల్లె మందిరం వేరు, మాదిగపల్లె మందిరం వేరు. పిల్లకు సంబంధం చూసేటప్పుడు రక్షణ కంటే ముందు కులం అడుగుతాం. మిరప కోతకొచ్చిన కూలీమనిషికి మనమూ వేరే గ్లాసు పెడితే, ఆనాడు “మేము రాము” అన్నవారికీ మనకీ తేడా ఏమిటి?

ఈ ఆదివారం బల్ల దగ్గరికి వచ్చేముందు మీ పక్కన కూర్చున్న వారి ముఖం చూడండి. తండ్రి పోలిక అక్కడ ఉంది. ప్రభువు మన కన్నులు తెరచును గాక. ఆమేన్.